క్యాన్సర్ పరిశోధన కోసం మారథాన్: శ్రీకాకుళంలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

నేను శ్రీకాకుళంలో పరుగు నేర్పుతాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి ఫుల్ మారథాన్ పరిగెత్తి, ఆ పేరుతో క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయాలని ఉంటుంది. ఎంతో పట్టుదలగా మొదలుపెడతారు. ఇంట్లో, వీధిలో నలుగురూ నాలుగు మాటలు అనేసరికి వెనక్కి తగ్గుతారు. ఆ మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: "రీసెర్చ్ అంటే ఎక్కడో ఫారిన్‌లో జరిగేది, మనకేటి సంబంధం మాస్టారూ?"

ఈ మాట శ్రీకాకుళం మనిషి అనకూడదు. మన తీరం ఊళ్లలో చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు కదా, అడ్డపొగ అంటాం. చేపలు ఆరబెడుతూ, చేతులు ఖాళీ లేని మామ్మలు అలాగే గంటలకొద్దీ కాలుస్తారు. పొగ, వేడి నేరుగా అంగిలికే తగులుతాయి. అంగిలి తెల్లగా, మందంగా మారి, మధ్యలో ఎర్రటి చుక్కలు తేలతాయి. దీని మీద పరిశోధన జరిగింది మన జిల్లా పల్లెల్లోనే. ఇంటింటికీ వెళ్లి 10,169 మంది నోళ్లు పరీక్షించారు. 1971లో ఫలితాలు అచ్చయ్యాయి. అంగిలి క్యాన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న లంకెను లోకానికి చూపించిన ముఖ్యమైన అధ్యయనాల్లో అదొకటి.

పరిశోధనంటే పెద్ద మెషీన్లే అనుకోవడం కూడా పొరపాటే. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు సుమారు లక్షన్నర మంది మహిళలతో ఏళ్ల తరబడి ఒక అధ్యయనం చేశారు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌ను పలచగా కలిపి గర్భాశయ ముఖద్వారానికి రాస్తే, తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. పెద్ద చదువులు లేని ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి ఈ పరీక్ష చేయించారు. పరీక్షలు జరిగిన బస్తీల్లో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. ఇలాంటి పనికి కావలసింది ఇళ్లచుట్టూ తిరిగే మనుషులు, ఓపిగ్గా రాసిపెట్టే రికార్డులు. మీ పక్కింటాయన ఇచ్చే 500 రూపాయలు కూడా దానికి అక్కరకొస్తాయి.

అపోహ: "42 కిలోమీటర్లా! అది అథ్లెట్ల పని."

ఆరోగ్యంగా ఉండి, ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తగలిగే మనిషికి 5, 6 నెలల సాధన చాలు. ముందు డాక్టరుకు చూపించుకోవాలి, వారానికింత అని దూరం మెల్లగా పెంచాలి. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్‌కి ఎముక క్యాన్సర్ వచ్చి 1977లో కుడికాలు తీసేశారు. క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం 1980లో కృత్రిమ కాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకాకే ఆగాడు. మీరూ అంత చేయాలని కాదు. విరాళాల కోసం పరిగెత్తే పద్ధతికి ఇంత బలం వచ్చింది ఆయన వల్లనే అని నా నమ్మకం.

అపోహ: "నొప్పి మాత్ర ఒకటి వేసుకుని, నీళ్లు బాగా తాగితే లాగించేయొచ్చు."

దీని దగ్గర నేను చాలా గట్టిగా ఉంటాను. దూరపు పరుగులో ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీలకు రక్తం తక్కువగా అందుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బులు చూస్తూ పెరిగిన జిల్లా మనది, ఆ మాత్రల జోలికి అసలు వెళ్లకండి. నొప్పి తగ్గకపోతే ఆ రోజు పరుగు మానేయండి.

నీళ్ల సంగతీ అంతే. దాహాన్ని మించి ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుందే కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. అరసవల్లి రోడ్డులో 20 కిలోమీటర్లు పరిగెత్తి వచ్చినవాళ్ల టీషర్టు వీపు మీద ఉప్పు చారలు చూడండి, ఒంట్లోంచి ఎంత పోయిందో తెలుస్తుంది. అందుకే తెల్లారకముందే మొదలుపెట్టిస్తాను. దారిలో ఓఆర్ఎస్ గానీ ఉప్పు మజ్జిగ గానీ దాహమేసినప్పుడల్లా తాగాలి. 30 కిలోమీటర్ల దగ్గర చాలామందికి ఒంట్లో శక్తి కోసం దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, అడుగంటుతుంది, కాళ్లు కదలవు. ఆ చోటు రాకముందే అరటిపండో బెల్లం ముక్కో తినాలి. ముందు రోజు రాత్రి చోడి (రాగి) అంబలి, అన్నం మామూలుగా తింటే చాలు.

అపోహ: "రన్నర్‌కి క్యాన్సర్ రాదు."

వ్యాయామం పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్ల ముప్పును తగ్గిస్తుంది. పూర్తిగా రాకుండా ఆపదు. పరుగు పూర్తిచేసి చుట్ట ముట్టిస్తే పొగాకు చేసే చేటు ఎటూ పోదు.

అపోహ: "రేసు ఫీజు కట్టాం కదా, డబ్బు ఆసుపత్రికి వెళ్లిపోతుంది."

ఫీజులో ఎక్కువ భాగం టీషర్టు, టైము లెక్కించే చిప్, అంబులెన్సు, నీళ్ల స్టాళ్ల ఏర్పాట్లకే సరిపోతుంది. విరాళం వేరుగా సేకరించాలి. రోగుల వైద్యసాయం, పరిశోధన ఒకటి కాదు. పరిశోధనకే ఇస్తున్నట్టు ఆ సంస్థకు రాసి చెప్పండి, మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. మీ ఫోన్‌పే నంబరు ఇవ్వకండి, దాతలు సంస్థ ఖాతాకే నేరుగా వేయాలి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదు. ఆ మినహాయింపు కూడా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అని ముందే చెప్పేయండి. పరుగు అయ్యాక వారంలోపే మొత్తం ఎంత వచ్చిందో దాతలందరికీ వాట్సాప్‌లో పంపండి, 50 రూపాయలు ఇచ్చిన పాలబ్బాయితో సహా.