జీవిత భాగస్వామి మోసం చేస్తే ఎవరు ఎలా స్పందిస్తారు? అపోహలు - వాస్తవాలు

అపోహ: భార్య శారీరక సంబంధం పెట్టుకుందన్నది మగవాడి బాధ, భర్త మనసు మరొకరికి ఇచ్చాడన్నది ఆడదాని బాధ.

వాస్తవం: ఈ మాటకు ఆధారంగా అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ బస్ బృందం 1992లో ప్రచురించిన అధ్యయనాన్ని చూపిస్తుంటారు. ఈ రెండు రకాల మోసాలనూ ఊహించుకొని, ఏది ఎక్కువ బాధిస్తుందో చెప్పమని కాలేజీ విద్యార్థులను అడిగితే, శారీరక సంబంధమే అన్నవారు మగవారిలో 60 శాతం, ఆడవారిలో 17 శాతం. తేడా పెద్దదే గాని, మిగిలిన 40 శాతం మగవారి మాట ఎవరూ ఎత్తరు. పైగా అది ఊహించుకున్న మోసం. నిజంగా మోసపోయినవారిని క్రిస్టీన్ హారిస్ అనే పరిశోధకురాలు అడిగినప్పుడు, సగటున ఆడా మగా ఇద్దరూ మానసిక అనుబంధం గురించే ఎక్కువ మథనపడినట్లు తేలింది.

నా కౌన్సెలింగ్ గదిలో కనిపించేదీ దాదాపు ఇదే. ఒకాయన (వివరాలు మార్చాను) మొదటి రోజు "ఎక్కడ, ఎన్నిసార్లు" అన్న ప్రశ్నలు తప్ప మరో మాట మాట్లాడలేదు. మూడోసారి వచ్చినప్పుడు ఫోన్ తెరిచి, భార్య ఆ వ్యక్తికి పంపిన ఒక మెసేజ్ నా ముందు పెట్టారు. అందులో ఉన్నది "తిన్నావా?" అన్న ఒక్క మాటే. "నన్ను ఇలా అడిగి రెండేళ్లయింది మేడమ్" అన్నారు. అలాగే, పక్కన తల్లి ఉన్నంతసేపూ "పిల్లల మొహమైనా చూడలేదు" అంటూ వచ్చిన మహిళ, తల్లి బయటికి వెళ్లగానే "మా మంచం మీదేనా?" అని భర్తను నిలదీయడమూ చూశాను. మొదట బయటపడేది నలుగురిలో చెప్పుకోవడానికి వీలైన బాధ మాత్రమేనని నా అభిప్రాయం.

అపోహ: ఆడవారు క్షమిస్తారు, మగవారు క్షమించరు.

వాస్తవం: సర్దుకుపోవడాన్ని మనం క్షమ అనుకుంటున్నాం. చేతిలో జీతం, పుట్టింటి ఆదరణ లేని స్త్రీకి వేరే దారి కనిపించదు. పిల్లల కోసం కాపురం నిలుపుకొనే మగవారూ ఉన్నారు గాని, వారు ఆ సంగతి సొంత అన్నదమ్ములకు కూడా చెప్పుకోరు.

అపోహ: ప్రేమ ఉన్నవాడే కోపంతో చెయ్యి చేసుకుంటాడు.

వాస్తవం: అది హింస. అలాంటప్పుడు దంపతులను కలిపి కూర్చోబెట్టను. ముందు ఆమె భద్రత చూడాలి. మహిళా హెల్ప్‌లైన్ 181.

అపోహ: వ్యభిచారాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ పోయింది కాబట్టి ఇక చట్టానికి పట్టదు.

వాస్తవం: భర్త పరాయి పురుషుడిపై కేసు పెట్టే వీలు కల్పించి, భార్యకు ఫిర్యాదు హక్కే ఇవ్వని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టివేసింది. అయినా హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద వ్యభిచారం నేటికీ విడాకులకు కారణమే, అదీ భార్యాభర్తలిద్దరికీ సమానంగా. అయితే ఆ నిబంధన శారీరక సంబంధం గురించే చెబుతుంది గనుక, పైన చెప్పిన భర్త చూపించిన "తిన్నావా?" మెసేజ్ ఒక్కటే దాని కిందికి రాదు.