ముత్యం చెవిపోగు అమ్మాయిని దించే ముందు: అపోహలు - వాస్తవాలు

తైలవర్ణాల్లో పోర్ట్రెయిట్ నేర్చుకోవడానికి వచ్చేవారి చేత నేను ముందుగా డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన 'ముత్యం చెవిపోగు అమ్మాయి'ని చూసి దింపిస్తాను. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, మౌరిట్స్‌హాయిస్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం 44.5 × 39 సెంటీమీటర్లే. మొదటి రోజు నాకు వినిపించే మాటలు దాదాపు ఇవే.

అపోహ: చూసి వేస్తే ఏం నేర్చుకుంటాం?
వాస్తవం: సంగీతంలో గురువు పాడింది పాడినట్టు పాడటం లాంటిదే ఇది. రూబెన్స్ అంతటి చిత్రకారుడు తనకు ముందుతరం చిత్రకారుడైన టిషియన్ చిత్రాలను దించాడు. కింద వెర్మీర్ సంతకం మాత్రం పెట్టకండి.

అపోహ: ముందు గీతలు గట్టిగా గీసుకోవాలి.
వాస్తవం: ఆమె ముక్కును చూడండి. ముక్కు దూలానికీ అవతలి చెంపకూ మధ్య గీతే లేదు. రెండూ ఒకే వెలుగులో కలిసిపోయాయి. నా మొదటి ప్రయత్నంలో అక్కడ సన్నని గీత పెట్టాను. ముక్కు విడిగా చేసి అతికించినట్టు కనిపించింది. తుడిచాను, మళ్లీ పెట్టాను, మళ్లీ తుడిచాను. లేని గీతను చెయ్యి ఎందుకు గీస్తుందంటే, ముక్కుకు అంచు ఉంటుందని మనకు ముందే తెలుసు కాబట్టి. కళ్లు సగం మూసి చూస్తే గీతలు పోయి వెలుగునీడల ముక్కలు మిగులుతాయి. వాటినే వేయాలి. వెర్మీర్ కూడా అడుగు పొరను గోధుమ, నలుపు రంగులతోనే మొదలుపెట్టాడు.

అపోహ: చర్మానికి ప్రత్యేకమైన ట్యూబు కొనాలి.
వాస్తవం: అక్కర్లేదు. తెలుపు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), ఒక ఎరుపు, అంబర్ (ముదురు గోధుమ) చాలు. వెర్మీర్ వాడిన సీసపు తెలుపు విషం. టైటానియం వైట్ వాడండి, కానీ అది బలమైనది, పొదుపుగా కలపండి.

అపోహ: వెనకంతా నలుపే.
వాస్తవం: 2018లో జరిగిన శాస్త్రీయ పరిశీలనలో అది ఒకప్పుడు మడతలున్న ఆకుపచ్చ తెర అని తేలింది. నీలిమందు, పసుపు రంగులు కలిపి వేసిన పలుచని పూత కాలక్రమంలో మారిపోయింది. నేను ఇప్పుడు కనిపించే చీకటినే దించమంటాను. అయితే ట్యూబులోని నలుపును నేరుగా పూస్తే గోడకు తారు పూసినట్టుంటుంది.

అపోహ: ముత్యమే కష్టం.
వాస్తవం: పైన మందంగా ఒక తెల్లని మచ్చ, కింద కాలరు నుంచి పడిన మెత్తని వెలుగు, అంతే. కొక్కెం కూడా లేదు. చివరి రోజుకు దాచుకుంటారు, పది నిమిషాల్లో అయిపోతుంది!

అపోహ: ఇది వచ్చేస్తే ఎవరి పోలికైనా పట్టేయవచ్చు.
వాస్తవం: ఇది ఫలానా వ్యక్తి పోర్ట్రెయిట్ కాదు. డచ్చివారు 'ట్రోనీ' అనే ఊహాముఖం. దీన్ని దించాక మా నాన్నగారిని ఎదురుగా కూర్చోబెట్టాను. పావుగంటలో ఆయన తల వాలింది, చెంప మీది వెలుగు మెడ మీదికి జారింది.