బుక్కు మూసి చెప్పండి

కర్నూలు

నాయనా, బుజ్జమ్మా,

హిస్టరీ పరీక్ష ఇంకా పది రోజులే ఉందని మీ నాయన ఫోన్లో చెప్పాడు. ఇద్దరూ అర్ధరాత్రిదాకా సంవత్సరాలు బట్టీ పడుతున్నారంట కదా. నేనూ అట్లా చదివినవాణ్ణే. పదో తరగతిలో ఈస్టిండియా కంపెనీ మీద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు గురించి అడిగితే 1846, 1847, కోయిలకుంట్ల అన్నీ తప్పు లేకుండా రాశాను. పేపరు చేతికొచ్చేసరికి సగం మార్కులే. పక్కన ఎర్ర సిరాతో ఒక్క మాట: "ఎందుకు?"

ఆ ఎందుకుకు జవాబు 1800లోనే ఉంది. తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం మన సీమను కంపెనీకి ఇచ్చేశాడు. అందుకని దత్త మండలాలనే పేరు. కలెక్టరుగా వచ్చిన మన్రో శిస్తును, అంతకుముందు ఊళ్ల మీద పెత్తనం చేసే పాలెగాళ్లతో పని లేకుండా నేరుగా రైతు దగ్గరే కట్టించుకునే రైత్వారీ పద్ధతి తెచ్చాడు. అందుకని పాలెగాళ్లకు అధికారం పోయి కంపెనీ ఇచ్చే భరణం (పింఛను) మిగిలింది. పాలెగాళ్ల వంశం వాడైన నరసింహారెడ్డికి కోపం తెప్పించిన వాటిలో ఆ భరణం తగాదా ఒకటి. అందుకని తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అతన్ని ఉరి తీశారు.

చూశారా, "అందుకని" అనే మాట పట్టుకుంటే సంవత్సరాలు దాని వెంటే వచ్చాయి. ఒక పాఠం చదివాక బుక్కు మూసేయండి. తెల్ల కాగితం మీద సంఘటనలు రాసి మధ్యమధ్య "అందుకని" పెట్టండి. ఎక్కడ పెన్ను ఆగుతుందో అంతవరకే మళ్లీ చదవండి. మొత్తం పేజీకి పసుపు రంగు పూయడం నాకు నచ్చదు, చదివినట్టు అనిపిస్తుందంతే. రేపు పొద్దున ఒకసారి, మూడు రోజులకు ఇంకోసారి చూడకుండా రాయండి.

ఇంకో మాట, ప్రశ్నలో కారణాలు అడిగారా, ఫలితాలు అడిగారా చూసుకోండి.

సాయంత్రం మీ జేజికి ఫోన్ చేసి పాఠం చెప్పండి. శెనక్కాయలు వలుస్తూ వింటుంది. "అయితే వాడు అట్లెందుకు చేసినాడు?" అని మధ్యలో అడ్డం పడుతుంది. విసుక్కోవద్దు, ఆమెకు అర్థమైతే పేపరు దిద్దేవాళ్లకూ అర్థమవుతుంది. ముందు కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి మొదలుపెట్టి 1953 అక్టోబరు 1న మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి ఎట్లా రాజధాని అయిందో చెప్పండి. ఆ సంగతి మీ జేజి నన్ను నిన్నటి నుంచి అడుగుతోంది.

మీ జేజినాయన