కొసరు మెయిల్ కాలం ఎలా పోయింది?

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ చేయించుకుంటే మెయిల్ కొసరుగా వచ్చేది. ఏడాదికోసారి కట్టే హోస్టింగ్ డబ్బుల్లోనే పదో ఇరవయ్యో మెయిల్‌బాక్సులు. ఇప్పుడు అదే మెయిల్ నుంచి పంపిన కొటేషన్ చాలాసార్లు అవతలివాళ్ల స్పామ్‌లో పడుతోంది.

దీని మూలం 1982లో ఉంది. ఆ ఏడాది ఖరారైన ఎస్‌ఎంటీపీ అనే మెయిల్ పంపే పద్ధతిలో పంపినవాళ్లు ఎవరో తేల్చే ఏర్పాటు లేదు. కవరు మీద 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాసి పోస్టు డబ్బాలో వేసినట్టే. స్పామ్ పెరిగాక ఒక్కో తాళం వచ్చింది. ఈ డొమైన్ (వెబ్‌సైట్ పేరు) మెయిల్ ఏ సర్వర్ల నుంచి రావచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్ (2006), మెయిల్‌కు డిజిటల్ సంతకం పెట్టేది డీకిమ్ (2007), ఆ పరీక్షల్లో ఫెయిలైతే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది డీమార్క్ (2015). 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిని గట్టిగా అడుగుతున్నాయి: ఎవరు పంపినా మొదటి రెండిట్లో ఒకటైనా ఉండాలి, పెద్దమొత్తంలో పంపేవాళ్లకు మూడూ ఉండాలి.

కొసరు మెయిల్ అసలు దెబ్బతిన్నది షేర్డ్ సర్వర్ వల్ల. ఒకే ఐపీ అడ్రసు మీద వందల సైట్లుంటాయి. అందులో ఎవరిదో పాత వర్డ్‌ప్రెస్ హ్యాకై స్పామ్ పంపితే ఆ ఐపీ బ్లాక్‌లిస్టుకెక్కుతుంది, ఏ తప్పూ చేయని మిగతావాళ్ల మెయిలూ ఆగిపోతుంది. మరోపక్క గూగుల్ 2006లో సొంత డొమైన్లకు ఉచితంగా ఇచ్చిన మెయిల్‌ను 2012 డిసెంబర్‌లో కొత్తవాళ్లకు ఆపేసింది. పాత ఉచిత ఖాతాలతో నడుస్తున్న వ్యాపారాలు కూడా 2022లో డబ్బు కట్టాల్సి వచ్చింది.

మెయిల్ విడిగా తీసుకుంటే జోహో, గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365 ఏదైనా లెక్క మనిషికింత. కాబట్టి 'సేల్స్', 'ఇన్ఫో' లాంటి పేర్లకు విడిగా మెయిల్‌బాక్స్ కొనొద్దు, ఉన్నవాళ్ల ఖాతాకే ఏలియాస్‌గా (అదే ఖాతాకు ఇంకో అడ్రసుగా) తగిలిస్తే సరిపోతుంది. ప్లాన్‌లో ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్‌ను వేరే యాప్‌లో చూసే పద్ధతి) ఉందో లేదో ముందే అడగాలి. ఉచిత, చవక ప్లాన్లలో కొన్నింటికి అది ఉండదు, అప్పుడు ఔట్‌లుక్‌లో తెరవలేరు. అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ అంటే నిజానికి పట్టేది 18 ఎంబీ దాకానే, ఎందుకంటే పంపేటప్పుడు ఫైలు మూడో వంతు ఉబ్బుతుంది. గ్రానైట్ స్లాబుల ఫొటోలు పంపేవాళ్లకు ఇది ముఖ్యం.

మెయిల్ కంపెనీ మార్చేటప్పుడు అందరూ చేసే తప్పు ఎస్‌పీఎఫ్ దగ్గరే. కొత్త కంపెనీ ఇచ్చిన ఎస్‌పీఎఫ్ లైను డొమైన్ సెట్టింగుల్లో కలిపి పాతది అలాగే వదిలేస్తారు. ఒక డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులుంటే రెండూ చెల్లవు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే దుకాణానికి మెయిల్ ఒకచోట, బిల్లులు పంపే సాఫ్ట్‌వేర్ ఇంకోచోట, వెబ్‌సైట్ ఫారం మరోచోట ఉంటే మూడింటినీ ఒకే లైనులో రాయాలి. ఆ లైను కోసం చేసే డీఎన్‌ఎస్ (డొమైన్ వివరాల పట్టిక) వెతుకులాటలు 10 దాటకూడదు.

మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మార్చడానికి ఒకరోజు ముందే దాని టీటీఎల్‌ను (మిగతా సర్వర్లు ఆ వివరాన్ని గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించండి. లేదంటే కొంత మెయిల్ గంటల తరబడి పాత సర్వర్‌కే పోతుంది. అందుకే పాత ఖాతాను కనీసం వారం పాటు మూయొద్దు. దుకాణం కంప్యూటర్‌లో ఇన్నాళ్లూ మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పాప్ పద్ధతి నడిచుంటే పాత మెయిళ్లు సర్వర్‌లో ఉండకపోవచ్చు, ఆ హార్డ్‌డిస్క్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ కొట్టించే ముందు చూసుకోవాలి.

వీటన్నిటికంటే ముందు డొమైన్ ఎవరి పేరు మీదుందో చూడండి. సైటు చేసిన డిజైనర్ ఖాతాలో ఉంటే ముందు మీ పేరుకు మార్పించుకోండి. మీ రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) ఖాతాకు మాత్రం అదే డొమైన్ మెయిల్ అడ్రసు ఇవ్వొద్దు. డొమైన్ గడువు తీరాక ఆ మెయిలూ ఆగుతుంది, రెన్యువల్ కోసం లాగిన్ కావడానికి కావాల్సిన ఓటీపీ కూడా దానికే పోతుంది.