పాత సాహస నవలలు: కత్తిరిస్తే బాగుపడతాయా?

"పిల్లలకిచ్చేది కుదించిన పుస్తకమేగా, అందులో అలాంటివేం ఉండవులెండి." 'అలాంటివి' అంటే పాత సాహస నవలల్లో కనబడే బానిసత్వం, తెల్లవాళ్లు కానివాళ్ల మీద చిన్నచూపు. ఆ నవలల్ని పిల్లల కోసం తిరగరాయడం, అనువాదాలు మూలంతో సరిచూడటం నా పని. టీచర్ల నుంచి, తల్లిదండ్రుల నుంచి, ఆఖరికి మా రంగంలోవాళ్ల నుంచి కూడా ఈ మాట విని విని విసిగిపోయాను. ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: నాలుగు చెడ్డ మాటలు తీసేస్తే పుస్తకం శుభ్రపడుతుంది.

వాస్తవం: చిన్నచూపు మాటల్లో కంటే కథ అల్లికలో ఎక్కువ ఉంటుంది. ఎవరికి పేరుంది? ఎవరు మాట్లాడతారు? ఎవరు చస్తే కథ ఒక్క క్షణమైనా ఆగుతుంది? ఓడ మునిగి ఒంటరిగా దీవిలో చిక్కుకున్న ఇంగ్లీషువాడి కథ, డేనియల్ డీఫో రాసిన 'రాబిన్సన్ క్రూసో' (1719) తీసుకోండి. మొదట్లో క్రూసో తనే మొరాకోలోని సలే రేవులో బానిస. జూరీ అనే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పడవలో తప్పించుకుంటాడు. దారి పొడుగునా ఆ కుర్రాడే తోడు. తీరా ఒక పోర్చుగీసు ఓడ దొరకగానే, 60 వెండి నాణేలు పుచ్చుకుని వాణ్ణి ఆ కెప్టెన్‌కి ఇచ్చేస్తాడు. క్రైస్తవుడైతే పదేళ్లకు వదిలేస్తానని కెప్టెన్ మాటిస్తాడు. ఆ తర్వాత బ్రెజిల్‌లో తోట పని పెరిగాక, జూరీని వదులుకుని తప్పు చేశానే అనుకుంటాడు క్రూసో. కుర్రాడి మీద బెంగతో కాదు, పనికి మనుషులు చాలక. అతన్ని దీవిలో పడేసిన ప్రయాణం కూడా ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవడానికి బయల్దేరిందే. ఇందులో ఏ తిట్టుపదం కొట్టేస్తారు?

పనిలో చేరిన కొత్తలో నేనూ ఈ నవలను కుదించాను. పేజీలు మించిపోతున్నాయని జూరీని మొత్తానికే తీసేశాను. బానిసల కోసం వెళ్లిన ప్రయాణాన్ని "వ్యాపారం పని మీద" అని రాశాను. ప్రూఫులు చూసినవాళ్లెవరూ అడ్డు చెప్పలేదు. అచ్చయి వచ్చాక చదువుకుంటే క్రూసో మచ్చలేని మనిషిలా ఉన్నాడు. డీఫో రాసిన మనిషి అలాంటివాడు కాదు. పైగా, నరమాంసం తినేవాళ్లను కాల్చి చంపాలని కాచుక్కూచున్న క్రూసో, 'వీళ్లకు తీర్పు చెప్పడానికి నేనెవర్ని? అమెరికాలో స్పెయిన్‌వాళ్లు చేసిన ఘోరమూ ఇలాంటిదేగా' అని తటపటాయించే భాగం ఉంది. నవల తన్ను తాను ప్రశ్నించుకునే చోటది. నిడివి తగ్గించాలని దాన్నీ ఎగరగొట్టాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

బెల్జియం కుర్ర విలేకరి టిన్‌టిన్ సాహసాల్లో ఒకటైన 'టిన్‌టిన్ కాంగోలో' బొమ్మల కథ 1930-31లో వచ్చింది. అప్పటికి ఆఫ్రికాలోని కాంగో బెల్జియం వలస రాజ్యం. అందులో టిన్‌టిన్ బడిలో కాంగో పిల్లలకు "మీ దేశం బెల్జియం" అని పాఠం మొదలెడతాడు. 1946 రంగుల ప్రతిలో దాన్ని లెక్కల పాఠంగా మార్చారు. రెండూ రెండూ ఎంత అంటాడు, ఎవరూ చెప్పరు. మాట మారింది. బోర్డు దగ్గర నిలబడ్డవాడూ మారలేదు, జవాబు రాక చూస్తున్న పిల్లలూ మారలేదు. (దీన్ని బెల్జియంలో నిషేధించారట అని తెగ ప్రచారం. నిషేధించమన్న కేసును 2012లో అక్కడి కోర్టు కొట్టేసింది. దయచేసి ఆ పుకారు ఆపండి.)

కత్తెర ఎప్పుడూ చెడునే తీసేస్తుందనీ అనుకోకండి. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 'రహస్య ద్వీపం'లో (1874-75), జలాంతర్గామి నడిపే కెప్టెన్ నీమో అసలు ఎవరో తెలుస్తుంది. ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు దక్కర్. 1857లో ఇంగ్లీషువాళ్ల మీద పోరాడి అయినవాళ్లను పోగొట్టుకున్నవాడు. 1875 నాటి ఇంగ్లీషు అనువాదంలో ఆయన నోట బ్రిటిష్ పాలన మీద వచ్చే నిందను మార్చేశారు. ఆ ఒక్క ప్రతే చేతికందిన పాఠకుడికి నీమో కోపం ఎంతటిదో ఎలా తెలుస్తుంది?

అపోహ: ఆ రోజుల్లో అందరూ అంతే.

వాస్తవం: కాదు. క్రూసో అచ్చవడానికి 31 ఏళ్ల ముందే, 1688లో, పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు కొందరు బానిసత్వం తప్పని రాసి సంతకాలు చేశారు. ఫ్రెంచి వ్యాసకర్త మాంటేన్ 1580లోనే అనాగరికులెవరని యూరప్‌ను నిలదీశాడు.

అపోహ: ఇలా చదివితే ఆనందం పోతుంది. (పోదు. మనుషులే లేరనుకున్న దీవిలో క్రూసోకి ఇసుకలో కనబడే ఆ ఒంటి పాదముద్ర దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.)

అపోహ: ఇష్టపడ్డామంటే మనలోనే ఏదో లోపం.

ఒకావిడ చాలా మథనపడి నన్ను అడిగారు: "'రాబిన్సన్ క్రూసో' మా నాన్న పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించిన పుస్తకమండీ. అది తప్పా?" తప్పు కాదమ్మా. నాన్నగారి గొంతును ఎవరూ మీ దగ్గర్నుంచి లాక్కోవట్లేదు. ఈసారి మీ పిల్లలకు చదివేటప్పుడు, నరమాంసం తినేవాళ్ల బారి నుంచి క్రూసో కాపాడిన ఫ్రైడే దగ్గర కాస్త ఆగండి. క్రూసో అతనికి పేరు పెడతాడు, తనను 'యజమాని' అని పిలవడం నేర్పుతాడు. అసలు పేరేమిటని మాత్రం అడగడు. అది పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు, చూడండి.

మీ దగ్గరున్న క్రూసో ఎలాంటిదో తెలుసుకోవాలంటే క్రూసో దీవిలో పడే ఘట్టానికి ముందు పేజీలు తిప్పి చూడండి. జూరీ కనబడకపోతే అది కుదించిన ప్రతి. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, పాత పుస్తకాలుంచే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషు మూలం మొత్తం ఉచితంగా దొరుకుతుంది. అందులో జూరీ ఉన్నాడు.