గ్యాస్ వాసన వస్తే చిమ్నీ స్విచ్ ముట్టుకోకండి: అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒక ఉదయం మిర్యాలగూడ నుంచి ఫోను వచ్చింది. "తమ్ముడూ, వంటింట్లో గ్యాస్ వాసన వస్తోంది. చిమ్నీ పెద్ద స్పీడులో పెట్టి పావుగంట అయింది. అయినా వాసన పోవడం లేదు. చిమ్నీ పాడైనట్టుంది, వచ్చి చూస్తావా?"

మూడేళ్ల క్రితం ఆ చిమ్నీ బిగించింది నేనే. "అక్కా, మీరిప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నారు?" అని అడిగాను. "చిమ్నీ దగ్గరే. ఆపేయనా?" అన్నారు. వద్దన్నాను. రెగ్యులేటర్ తిప్పి ఆపమని, వెనుక తలుపు బార్లా తీసి, ఫోను కట్ చేయకుండా అలాగే వీధిలోకి నడిచి రమ్మని చెప్పాను. వాళ్ల కరెంటు మీటరు గేటు పక్క గోడకు ఉంది. పక్కింటి అబ్బాయి అక్కడ మెయిన్ దించేశాడు. చిమ్నీ అప్పుడు ఆగింది.

నల్గొండ నుంచి నేను చేరేసరికి గంట దాటింది. ఆమె ఇంకా అరుగు మీదే కూర్చుని ఉన్నారు, చేతులు వణుకుతున్నాయి. "నేను తప్పు చేశానా తమ్ముడూ?" అని అడిగారు. ఆమెది తప్పని నేను అనలేదు. ఎవరో చెప్పిన మాట నమ్మి, ఇంట్లో వాళ్లను కాపాడుకోవాలనే ఆ పని చేశారు. నా కోపమంతా ఆ మాటను ఊరూరా తిప్పుతున్న వాళ్ల మీద.

అపోహ: గ్యాస్ లీకైతే చిమ్నీ గాని, ఎగ్జాస్ట్ ఫ్యాను గాని వేస్తే బయటికి లాగేస్తుంది.

వాస్తవం: లాగదు. పైగా మంట అంటుకోవడానికి కావలసిన రవ్వను ఆ స్విచ్చే ఇవ్వగలదు.

పదహారేళ్లుగా ఈ పని చేస్తున్నాను. సూర్యాపేట, నకిరేకల్, దేవరకొండ, ఎక్కడికి వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో చెబుతారు. అమ్మేటప్పుడు కొన్ని దుకాణాల వాళ్లూ చెబుతారు, అది నా చెవులతో విన్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

వంట పొగ పైకి పోయేది వేడిగా ఉంటుంది కాబట్టి. సిలిండర్ నుంచి కారే గ్యాస్ వేడిగా ఉండదు. అందులో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ సుమారు రెండు రెట్లు బరువు. కాబట్టి అది నీళ్లలాగా పల్లానికి దిగుతుంది. వంటగట్టు కింద సిలిండర్ అరలో నిండుతుంది, నేల మీద పరుచుకుంటుంది, తలుపు సందులోంచి పక్క గదిలోకి పోతుంది, అంట్లు తోమే చోట తూములోకి దిగుతుంది. చిమ్నీ ఉండేది పొయ్యికి రెండు అడుగులకు పైన. నేల మీద పరుచుకున్న గ్యాస్ అంత ఎత్తుకు ఎలా వస్తుంది? మీ ముక్కుకు తగిలేది పైకి లేచిన కొంత మాత్రమే, అసలుది మీ కాళ్ల దగ్గర ఉంటుంది.

ఇక రవ్వ సంగతి. స్విచ్ వేసినప్పుడే కాదు, ఆపినప్పుడూ లోపల చిన్న రవ్వ పుడుతుంది. గాలిలో ఈ గ్యాస్ సుమారు 2 శాతం నుంచి 9 శాతం దాకా ఉంటే ఆ రవ్వ చాలు. 2 శాతం చేరడానికి ఎంతో గ్యాస్ అక్కరలేదు. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. అందుకే చిమ్నీ ఆగి ఉంటే వేయకండి, తిరుగుతుంటే ఆపకండి. లైటు, ఫ్యాను, మిక్సీ, కాలింగ్ బెల్లు, అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. ఫ్రిజ్‌ను మీరు ముట్టుకోకపోయినా దానంతట అదే ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది. అందుకే ఇంట్లో నిలబడి ఆలోచించవద్దు అంటాను.

మన ఇళ్లలో ఇంకొకటి ఉంది. చాలా మందికి దేవుడి గూడు వంటింట్లోనే. పొద్దున వెలిగించిన దీపం గంటల తరబడి వెలుగుతూ ఉంటుంది. మిర్యాలగూడ ఇంట్లోనూ గూడు ఉంది. ఆ రోజు ఆమెకు ఇంకా దీపం పెట్టడం కుదరలేదు. గూడును హాల్లోకి మార్చమని చెప్పి వచ్చాను, మార్చారు.

భయస్తులకు ఒక మాట. వాసన రాగానే ఇల్లు పేలిపోతుందని అనుకోకండి. గ్యాస్‌కు సొంత వాసన లేదు, ఇథైల్ మెర్కాప్టన్ అనే పదార్థం కలిపి ఆ కంపు తెప్పిస్తారు. మండే స్థాయిలో ఐదో వంతు ఉన్నప్పుడే ముక్కుకు తెలియాలన్నది ఆ కలపడంలోని లెక్క. అంటే మీకు కాస్త సమయం ఉంటుంది. ఆ సమయంలో వెలుగుతున్న పొయ్యి, దీపం ఉంటే ఆర్పండి, రెగ్యులేటర్ ఆపండి, తలుపులు తీయండి, అందరినీ బయటికి తీసుకురండి. కిటికీ ఒక్కటే తీస్తే చాలదు, గ్యాస్ కిటికీ గడప కంటే కిందే ఉంటుంది. నేల దాకా తెరుచుకునే తలుపులే దానికి దారి. వాసన మరీ ఘాటుగా ఉన్నా, సిలిండర్ దగ్గర బుస్సుమని చప్పుడు వస్తున్నా రెగ్యులేటర్ దాకా కూడా వెళ్లకండి, ముందు బయటపడండి. బయటికి వచ్చాక 1906కు ఫోను చేయండి. గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు అది, పగలూ రాత్రీ పనిచేస్తుంది. మంట వస్తే 101. మెయిన్ స్విచ్ ఇంటి బయట, వాసన రాని చోట ఉంటేనే దించండి. లోపల ఉంటే దాని జోలికి పోకండి.

లీకు ఎక్కడుందో చూడటానికి అగ్గిపుల్ల గీసే పెద్దలు ఇంకా ఉన్నారు. దయచేసి వాళ్ల చేతిలోంచి ఆ అగ్గిపెట్టె తీసుకోండి. సబ్బు నురుగు రాస్తే చాలు, కారే చోట బుడగలు లేస్తాయి.

మిర్యాలగూడ ఇంట్లో లీకు ట్యూబుదే. పొయ్యికి తగిలించే చోట చీలింది. అది ఏడేళ్ల నాటి ట్యూబు. జిడ్డు పడకుండా దానికి ప్లాస్టిక్ తొడుగు వేశారు, చీలిక ఆ తొడుగు కిందే దాక్కుంది. నారింజ రంగు సురక్షా ట్యూబుకైనా గడువు ఐదేళ్లే, తేదీ దాని మీదే ముద్రించి ఉంటుంది. దాని మీద ఏదీ చుట్టకండి. వేల రూపాయలు పెట్టి చిమ్నీ కొన్న ఇళ్లలో వందల్లో వచ్చే ట్యూబును మార్చకపోవడం చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. గ్యాస్ పసిగట్టే అలారం కొనాలనుకుంటే దాన్ని నేలకు అడుగు ఎత్తులో బిగించమనండి. చిమ్నీ పక్కన పైన పెడితే దానికి గ్యాస్ అందేది చాలా ఆలస్యంగా.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. 'ఆటో క్లీన్' అంటే కడగనక్కరలేదని కాదు. లోపలి హీటరు ఫ్యానుకు పట్టిన జిడ్డును కరిగించి గిన్నెలోకి దించుతుంది, అంతే. ఆ గిన్నెను మీరే ఖాళీ చేయాలి, బయటికి పోయే గొట్టాన్ని అది తాకనే తాకదు. జాలీలున్న రకమైతే రోజూ వంట చేసే ఇంట్లో పదిహేను రోజులకోసారి కడగండి. అల్యూమినియం జాలీకి కాస్టిక్ సోడా వాడితే తినేస్తుంది. మన బోరు నీళ్లతో కడిగితే వెంటనే పొడి బట్టతో తుడవండి, లేకపోతే తెల్లటి చార కడుతుంది. లాగే శక్తి అంకె పెద్దదైతే మంచిదనుకుని కొంటారు, గొట్టానికి మూడు మలుపులు పెట్టిస్తారు, బయటి మూతి దగ్గర పావురాలు గూడు కడతాయి. ఇక ఏ అంకె ఏం చేస్తుంది?

బాణలిలో నూనె అంటుకున్నప్పుడు మాత్రం చిమ్నీ ఆపాలి, మంటను అది గొట్టంలోకి లాగుతుంది. ఇది గ్యాస్ వాసనకు చెప్పినదానికి వేరు, రెండూ కలిపేసుకోకండి. పొయ్యి ఆపి, బాణలి మీద మూత బోర్లించండి. నీళ్లు పోస్తే నూనె ఎగజిమ్ముతుంది.

చిమ్నీ సంగతి కాకపోయినా ఇదీ అడుగుతుంటారు: పొగ లేదు కదా, బొగ్గుల కుంపటి పడకగదిలో పెట్టుకోవచ్చా అని. పెట్టుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరుతోనూ అదే ప్రమాదం.

గొట్టం విప్పి కడగడానికి నాకు సుమారు రెండు గంటలు పడుతుంది. సంక్రాంతి సకినాలకు నూనె పెట్టే వారంలోనే అందరూ పిలుస్తారు, అప్పుడు నేను అన్ని ఇళ్లకూ రాలేను. దసరా అయిపోగానే పిలవండి. వచ్చినప్పుడు ట్యూబు మీది తేదీ కూడా చూస్తాను, దానికి డబ్బులు తీసుకోను.