వల్లె వచ్చింది సరే, లెక్క వచ్చిందా?

మూడేళ్ళు దాటిన పిల్ల ముందు గుప్పెడు చింతపిక్కలు పోసి, "నాకు నాలుగు ఇయ్యమ్మా" అని అడిగి చూడండి. అప్పుడే ఇరవై దాకా గడగడా అప్పజెప్పిన పిల్ల, చేతికందినన్ని తీసి మన అరచేతిలో పోసేస్తుంది. "ఇవి నాలుగేనా?" అంటే తల కూడా ఊపుతుంది. అబద్ధమాడటం కాదది. ఆ వయసులో చాలామందికి అంకెల వరుస పాటలా నోటికి వస్తుంది గానీ, చివరగా పలికిన అంకే ఆ కుప్పలో ఎన్ని ఉన్నాయో చెబుతుందన్న సంగతి ఇంకా తట్టదు.

కేరన్ విన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1990లో దాదాపు ఇలాంటి పరీక్షే పెట్టి ఈ తేడాను బయటపెట్టింది. పిల్లలకు ముందు 'ఒకటి' అర్థమవుతుంది. కొన్ని నెలలకు 'రెండు', మరికొన్ని నెలలకు 'మూడు'. ఆ తర్వాత ఉన్నట్టుండి తాళం తెరుచుకుంటుంది. వరుసలో తనకు తెలిసిన ఏ అంకె అడిగినా లెక్కపెట్టి ఇస్తారు. చాలామందిలో ఇది మూడున్నర, నాలుగేళ్ళ మధ్య జరుగుతుంది. కొందరికి ఇంకొంత ఆలస్యమవుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

అక్షరాల దగ్గరా ఇదే తంతు. 1984లో అమెరికాలో కొందరు పరిశోధకులు, బోర్డులూ లేబుళ్ళూ చూసి 'చదివేస్తున్న' మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు పెప్సీ గుర్తులో మొదటి అక్షరాన్ని మార్చి చూపించారు. చాలామందికి తేడాయే తెలియలేదు, పెప్సీ అనే చదివారు. వాళ్ళు చూసేది రంగునీ ఆకారాన్నీ, అక్షరాన్ని కాదు. మనింట్లో పిల్లాడు బిస్కెట్ ప్యాకెట్టు చూసి పేరు చెప్పేస్తే "మావాడికి చదవడం వచ్చేసింది" అని మామ్మ మురిసిపోవడం ముచ్చటే. కానీ అది ఇంకా చదవడం కాదు.

చదువు మొదలయ్యేది చెవి దగ్గర. ఇంగ్లండులో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు దాదాపు నాలుగువందల మంది పిల్లల్ని నాలుగేళ్ళ పాటు గమనించి 1983లో ఫలితాలు ప్రచురించారు. నాలుగైదేళ్ళ వయసులో మాటల మొదటి శబ్దాల్నీ చివరి ప్రాసల్నీ బాగా పట్టుకున్న పిల్లలు తర్వాత చదవడంలో ముందున్నారు. ఆ చెవిని తయారుచేయడానికి మన గోదావరి వైపు ఆర్టీసీ బస్టాండు చాలు. భీమవరం, ముమ్మిడివరం. అమలాపురం, నరసాపురం. అంబాజీపేట, కొత్తపేట. చివర ఏవేవి కలిశాయో అడగండి. రాజోలు, రావులపాలెం ఏ శబ్దంతో మొదలవుతున్నాయి? పాలకొల్లుకి జోడీ ఏ ఊరు? పాలకోడేరు అంటే సరే, పాయసం అన్నా సరే. బస్సు రావడానికి ఎలాగూ ఆలస్యమే కాబట్టి ఆటకు టైముకి లోటుండదు. బోర్డు దగ్గరికొచ్చాక 'రా' మీద వేలు పెట్టి చూపిస్తే, చెవిలో పడ్డ శబ్దమూ కంటికి కనిపించే అక్షరమూ అక్కడ కలుస్తాయి. వేలు పెట్టకుండా రోజూ బోర్డు కింద నిలబెట్టినా పెద్ద లాభం లేదని ఆ పెప్సీ ప్రయోగమే చెబుతోంది.

తెలుగు పిల్లలకు ఇందులో ఒక సుళువుంది, ఒక బరువూ ఉంది. మన లిపి మాటను 'రా-జో-లు' అని నోరు పలికే ముక్కలుగానే రాస్తుంది. ఆ ముక్కల్ని చప్పట్లు కొట్టి విడగొట్టడం నాలుగేళ్ళ పిల్లలకు తేలిగ్గానే వస్తుంది. 'రా'లో మళ్ళీ ర్, ఆ అని రెండున్నాయని విని పట్టుకోవడం మాత్రం చాలా ఆలస్యంగా వస్తుంది. ఇక బరువు సంగతి. మూడు డజన్ల దాకా హల్లులు, ఒక్కోదానికి పన్నెండు గుణింతపు రూపాలు వేసుకున్నా నాలుగువందలు దాటుతాయి. ఒత్తులు ఇంకా లెక్కలోకే రాలేదు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. ఇంగ్లీషు పిల్లలకు అక్షరాలు ఏడాదిలోపు పట్టుబడితే, కన్నడ పిల్లలకు మూడు, నాలుగు తరగతుల దాకా ఆ నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందని ఆమె చూపించారు. అంటే ఎల్‌కేజీలో గుణింతాలు రాలేదని టెన్షన్ పడటం లిపి తీరు తెలియక పడే టెన్షన్. 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం కూడా అర్థం చేసుకుంటూ చదవడానికీ, లెక్కలకూ మూడో తరగతి చివరి దాకా గడువిచ్చింది. మన కాన్వెంట్లకు మాత్రం దసరా సెలవుల్లోపే కావాలి.

హోంవర్క్ పేరుతో చుక్కలు కలిపే పేజీలు ఇస్తారు కదా, వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇది నా విసుగొక్కటే కాదు. 2012లో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అనే పరిశోధకులు ఇంకా చదవడం రాని అయిదేళ్ళ పిల్లల చేత కొన్ని అక్షరాలు చూసి సొంతంగా రాయించారు, కొన్ని చుక్కల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత ఎమ్మారై యంత్రంలో ఆ అక్షరాలు చూపిస్తే, పెద్దవాళ్ళు చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే గట్టిగా స్పందించాయి. సొంతంగా రాసినప్పుడు ఒకసారి పొట్ట లావవుతుంది, ఒకసారి కొమ్ము వంకరపోతుంది. ఇన్ని వంకర్లలోనూ అది 'అ'యేనని మెదడు నేర్చుకుంటుంది. చుక్కలు ఆ వంకరకు చోటివ్వవు. కాబట్టి పలకా బలపమూ ఇంకా పనికొచ్చే సామానే. పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాయించడం అక్షరాభ్యాసం నాటికే ఆపెయ్యనక్కర్లేదు. గోదావరి ఒడ్డుకి వెళ్తే ఇసుక ఎటూ ఉంది. వంకరగా రాస్తే చెరిపి మళ్ళీ రాయించకండి, ఇంకోటి రాయమనండి.

లెక్కకి వస్తే, కొబ్బరికాయకు మూడు కళ్ళు. పూర్తిగా పట్టిన తాటికాయలో మూడు ముంజలు. కోనసీమ పిల్లలకు మూడు అన్న సంఖ్య ఎంతగా కళ్ళబడుతుందో మనం గమనించం గానీ, ఇది చిన్న విషయమేం కాదు. మూడు, నాలుగు వస్తువుల దాకా మెదడు లెక్కపెట్టకుండానే ఒక్క చూపుతో ఎన్నో చెప్పేస్తుంది. ఆ పైన ఒక్కొక్కటీ వేలుపెట్టి లెక్కించాల్సిందే. అందుకే మొదటి పరీక్షలో తడబడిన పిల్లకు ఇరవై దాకా మళ్ళీ వల్లెవేయించడం వృథా. "కంచానికి రెండు గారెలు వెయ్యి", "తాతయ్యకు మూడు ముంజలు ఇచ్చిరా" అనండి. లెక్కపెట్టాక ఆగి, "అయితే మొత్తం ఎన్ని?" అనడం మర్చిపోవద్దు. అసలు కిటుకు ఆ ప్రశ్నలోనే ఉంది. మూడు కుదిరాక అరటి గెల: గెలకి ఎన్ని అత్తాలు, అత్తానికి ఎన్ని కాయలు?

పాతకాలం వాళ్ళు ధాన్యం కొలుస్తూ 'ఒకటి' అనకుండా "లాభం, రెండు, మూడు" అనేవారు. పిల్లలు వింటే నవ్వుతారు. గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వవేత్తలు 1978లో చెప్పిన లెక్కింపు సూత్రాల్లో ఒకటి దీనికి సరిగ్గా అతుకుతుంది: పేరు ఏదైనా కావచ్చు, వరుస మాత్రం ప్రతిసారీ అదే ఉండాలి. అటక మీద సోల, తవ్వ, మానిక ఇంకా ఉంటే దింపి నీళ్ళతోనో బియ్యంతోనో ఆడనివ్వండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. రెట్టింపూ సగమూ చేతికి తెలుస్తాయి.

ఒక ఆట గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. రమణి, సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో అమెరికాలోని పేద కుటుంబాల పిల్లల చేత 1 నుంచి 10 దాకా ఒకే వరుసలో గళ్ళున్న బోర్డు ఆట ఆడించారు. పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున నాలుగుసార్లు, రెండు వారాల్లో. అంకెలు గుర్తుపట్టడం, ఏది పెద్దదో చెప్పడం, లెక్కించడం అన్నీ మెరుగుపడ్డాయి. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. అంకెల బదులు రంగులతో అదే ఆట ఆడిన పిల్లలకు ఆ లాభం రాలేదు. వాకిట్లో ముగ్గుతో పది గళ్ళు గీసి అంకెలు వేస్తే సరిపోతుంది. ఒక గవ్వ వెయ్యండి, వెల్లకిలా పడితే ఒకటి, బోర్లా పడితే రెండు. ఒక్క నియమం తప్పకూడదు. మూడో గడిలో ఉన్న పిల్లకి రెండు పడితే "ఒకటి, రెండు" అని కాదు, "నాలుగు, అయిదు" అంటూ కదలాలి. వైకుంఠపాళి తర్వాత చూసుకోవచ్చు. అందులో వరుసలు ఇటోసారి అటోసారి తిరుగుతాయి, పైగా పాములు.

"బళ్ళో అంతా ఇంగ్లీషే కదండీ, ఇంట్లో తెలుగులో లెక్కపెడితే తికమక పడరా?" అని అమ్మలు అడుగుతుంటారు. నాలుగు అంటే ఎన్నో ఒక భాషలో తెలిసిన పిల్లకు 'ఫోర్' కేవలం ఇంకో పేరు. పైగా పది దాటాక తెలుగే తేలిక. పదమూడు, పదిహేను, పదిహేడు అంటుంటే ముందుగా పది చెవిన పడుతుంది, ఇరవై తర్వాత ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఇంగ్లీషులో పదకొండు, పన్నెండు పేర్లలో పది జాడే తెలియదు, పదమూడు నుంచి అది వెనక్కి పోతుంది. 1995లో చైనా, అమెరికా పిల్లల్ని పోల్చినప్పుడు పది దాకా ఇద్దరూ సమానంగానే ఉన్నారు. పది దాటాక అమెరికా పిల్లలు తడబడ్డారు. చైనీసులో పదకొండుని 'పది ఒకటి' అనే అంటారు. మన పన్నెండూ పందొమ్మిదీ అంత నిక్కచ్చిగా లేవు, అయినా ఇంగ్లీషు కంటే నయం.

ఎన్ని ఆటలాడినా 'రాజోలు', 'జాజోలు' రెండూ ఒకటేలా వినిపిస్తున్నట్టుంటే, పిలిస్తే పలకడం ఆలస్యమవుతుంటే, ముందు చెవులు చూపించండి. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి మందగించడం మామూలే, వైద్యంతో తగ్గేదే. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి. ఈసారి ఎప్పుడొస్తారో టీచరుగారిని అడిగి పెట్టుకోండి.